తెర అవతలి డాక్టరు

రోగి ఒక ఊళ్లో, డాక్టరు ఇంకో ఊళ్లో ఉండగా ఫోను మీదనో ఇంటర్నెట్ మీదనో సాగే వైద్యాన్ని టెలిమెడిసిన్ అంటారు. వీడియో కాల్‌లో డాక్టరుతో మాట్లాడటం అందరికీ తెలిసిన రూపం. కంటికి కనపడకుండా జరిగే పని అంతకంటే ఎక్కువ. మండల కేంద్రంలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె డాక్టరు చదవడం, పల్లెలో తీసిన కంటి ఫొటోను నగరంలోని నిపుణుడు తీరిక చూసుకుని పరిశీలించడం, ఇంట్లో రోజూ రాసుకున్న బీపీ, షుగరు అంకెలు ఆసుపత్రికి చేరడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

పని జరిగే తీరును బట్టి దీన్ని మూడు రకాలుగా చెబుతారు. మొదటిది ముఖాముఖి సంప్రదింపు: ఇద్దరూ ఒకే సమయంలో తెర ముందు ఉంటారు. రెండోది పంపి చూపించుకోవడం: ఎక్స్‌రే, చర్మం ఫొటో, ఈసీజీ వంటివి ముందు పంపితే డాక్టరు తర్వాత చూసి జవాబు ఇస్తారు. మూడోది ఇంటి దగ్గరే కనిపెట్టి ఉండటం: రోగి శరీరం మీదున్న లేదా చేతిలో ఉన్న పరికరం చెప్పే కొలతలు రోజూ డాక్టరుకు అందుతుంటాయి.

డాక్టరు గదిలో జరిగే పరీక్షను విడదీసి చూస్తే నాలుగు పనులు కనిపిస్తాయి: రోగి చెప్పింది వినడం, కంటితో చూడటం, చేత్తో తాకడం, పరికరంతో కొలవడం. వీటిలో మాటను ఇంటర్నెట్ బాగానే మోస్తుంది. చూపును ఓ మోస్తరుగా మోస్తుంది. కొలతను, తీసినవాళ్లు సరిగా తీస్తే, ఉన్నదున్నట్టు మోస్తుంది. స్పర్శను మాత్రం మోయలేదు. కాబట్టి మాటతో తేలిపోయే జబ్బుల్లో డాక్టరూ రోగీ ఇద్దరుంటే సరిపోతుంది. తాకి చూడాల్సినవి, కొలవాల్సినవి అయితే రోగి పక్కన శిక్షణ ఉన్న మూడో మనిషి ఉండాలి. దూరవైద్యం ఎక్కడ నిలిచింది, ఎక్కడ కుంటుపడింది అన్నది చాలావరకు ఆ మూడో మనిషిని బట్టే ఉంటుంది.

టెలిఫోను తీగ నుంచి ఉపగ్రహం దాకా

ఈ ఆలోచన ఇంటర్నెట్ కంటే చాలా పాతది. ఈసీజీ యంత్రాన్ని తీర్చిదిద్దిన డచ్చి శాస్త్రవేత్త విలెమ్ ఐంథోవెన్ ప్రయోగశాల లైడెన్ నగరంలో ఆసుపత్రికి సుమారు కిలోమీటరున్నర దూరంలో ఉండేది. ఆయన యంత్రం కదిలించడానికి వీల్లేనంత పెద్దది. అందుకని 1905లో ఆసుపత్రిలోని రోగుల గుండె సంకేతాలను టెలిఫోను తీగల మీదుగా ప్రయోగశాలకు రప్పించి నమోదు చేశారు.

ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాల్లో పశువుల క్షేత్రాల మధ్య వందల కిలోమీటర్ల ఎడం ఉండేది. అక్కడ 1928లో విమానంలో వెళ్లి వైద్యం చేసే ఫ్లయింగ్ డాక్టర్ సేవ మొదలైంది. మరుసటి ఏడాది నుంచి కాలితో తొక్కితే కరెంటు పుట్టే రేడియోలు రావడంతో, విమానం చేరేలోపు డాక్టరు రేడియోలోనే సలహా చెప్పగలిగేవారు. తర్వాత 1940లలో ఆ ఇళ్లకు ఒక మందుల పెట్టె కూడా ఇచ్చారు. మందుల మీద పేర్లతో పాటు అంకెలు ఉండేవి. అవతలి నుంచి డాక్టరు ఫలానా నంబరు మందు ఇంత ఇవ్వండి అంటే, వైద్యం తెలియని ఇంటివాళ్లు కూడా పొరపాటు లేకుండా ఇవ్వగలిగేవారు. దూరం నుంచి ఇచ్చిన సలహా, రోగి చేతికి అందేచోట మందు, చెప్పింది చేసే మనిషి: మూడూ కుదిరితేనే వైద్యం అవుతుందని ఆ పెట్టె తయారుచేసినవాళ్లు అప్పుడే గ్రహించారు.

రెండు వైపుల నుంచీ చూసుకుంటూ మాట్లాడే టీవీ పద్ధతిని అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ మానసిక వైద్యులు 1959లోనే వాడారు. 2001 సెప్టెంబరు 7న న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో బృందం, అట్లాంటిక్‌కు అవతల స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న మహిళకు రోబో చేతులతో పిత్తాశయాన్ని తొలగించింది. అప్పుడు కూడా ఆపరేషన్ బల్ల పక్కన స్ట్రాస్‌బర్గ్ సర్జన్లు సిద్ధంగా నిలబడే ఉన్నారు.

మన దేశంలో ఈ కథ చిత్తూరు జిల్లా అరగొండతో మొదలవుతుందని చెప్పవచ్చు. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం అది. అక్కడి చిన్న ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా చెన్నైలోని నిపుణులతో కలిపారు. 2000 మార్చి 24న, హైదరాబాద్ పర్యటనలో ఉన్న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా ఆ కేంద్రం లాంఛనంగా ప్రారంభమైంది. ఊళ్లో డిష్ యాంటెన్నా పెట్టి, ఉపగ్రహం మీదుగా మాట్లాడాల్సిన రోజులవి. ఇస్రో తర్వాత ఇదే పద్ధతిలో మారుమూల ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలుపుతూ వెళ్లింది. ఉపగ్రహం మీద ఆధారపడినంతకాలం ఇది ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య వ్యవహారంగానే ఉండిపోయింది. 4జీ చవకై స్మార్ట్‌ఫోను ఇంటింటికీ చేరాక గానీ మామూలు మనిషి చేతికి రాలేదు.

ఈ-సంజీవని: పల్లె క్లినిక్‌లో ఏం జరుగుతుంది

కేంద్ర ఆరోగ్యశాఖ నడిపే ఈ-సంజీవని దేశంలో అతిపెద్ద ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ. దీన్ని మొహాలీలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసింది. దీనికి రెండు దారులున్నాయి. ఒకదానిలో పల్లె ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని కూర్చోబెట్టి, ‘హబ్’ అని పిలిచే కేంద్రంలోని డాక్టర్లతో మాట్లాడిస్తారు. 2019 నవంబరులో మొదలైన ఈ పద్ధతిని అందరికంటే ముందు అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. రెండోది ఈ-సంజీవని ఓపీడీ. ఇందులో రోగి ఇంటి నుంచే ఫోను నంబరుతో నమోదై, ఓటీపీ కొట్టి, టోకెన్ తీసుకుని, వరుసలో తన వంతు వచ్చాక డాక్టరుతో వీడియోలో మాట్లాడతాడు. కరోనా లాక్‌డౌన్‌లో ఆసుపత్రుల ఓపీలు మూతపడ్డ సమయంలో, 2020 ఏప్రిల్ 13న ఇది ప్రారంభమైంది.

2023 ఫిబ్రవరి నాటికి ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. మొదటి పది రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. సేవ అందుకున్నవారిలో సగానికి పైగా మహిళలు. మగతోడు లేనిదే పట్నం ఆసుపత్రికి వెళ్లలేని, వెళ్తే ఒకరోజు కూలి పోగొట్టుకునే ఆడవాళ్లకు ఊళ్లోని క్లినిక్ అందుబాటులోకి రావడం దీనికి ఒక కారణం కావచ్చు.

పల్లె క్లినిక్‌లో ఒక సంప్రదింపు ఎలా సాగుతుందో చూస్తే మూడో మనిషి విలువ తెలుస్తుంది. పదేళ్లుగా షుగరు ఉన్న ఒక మహిళ కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చిందనుకుందాం. క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ, అంటే నర్సింగ్ చదివి అదనపు శిక్షణ పొందిన ఉద్యోగిని, ముందు ఆమె బరువు, బీపీ చూస్తుంది. వేలికి సూది గుచ్చి షుగరు చూస్తుంది. పాత మందుల చీటీ అడిగి పేర్లు, మోతాదులు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. హబ్ డాక్టరు తెర మీదికి వచ్చేసరికి ఆ వివరాలన్నీ ఆయన ముందుంటాయి. ఆయన కాళ్లు చూపించమంటారు. ట్యాబ్‌ను కిందికి దించి, వెలుతురు సరిగా పడేలా తిప్పి, వేళ్ల సందులు విడదీసి చూపించాలి. రోగిని కళ్లు మూసుకోమని, దూది పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకుతూ తెలుస్తోందా అని అడగాలి. మడమ దగ్గర తాకినా ఆమె జవాబు చెప్పకపోతే అక్కడ స్పర్శ పోయినట్టు. వేళ్ల మధ్య ఆమెకే తెలియని పుండు బయటపడినా పడవచ్చు.

ఆ పుండు సంగతి రోగి చెప్పలేదు, ఎందుకంటే నొప్పి లేదు. కెమెరాకు దానంతట అది కనిపించదు, ఎందుకంటే అది వేళ్ల సందులో ఉంది. నర్సు వేళ్లు విడదీసింది కాబట్టి తెలిసింది. ఇదే మహిళ ఇంట్లో కూర్చుని సొంత ఫోనులో ఇదే డాక్టరుతో మాట్లాడి ఉంటే తిమ్మిరికి మాత్రలతో సరిపోయేది. పుండు ముదిరి కాలి మీదికి వచ్చేది.

నిమిషాల్లో తేల్చాల్సిన చోట

గుండెపోటులో దూరవైద్యం చేసే మేలు మరీ స్పష్టంగా కనిపిస్తుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడితే, ఆలస్యమైన కొద్దీ కండరం చచ్చిపోతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. కానీ ఛాతీనొప్పి ప్రతిదీ గుండెపోటు కాదు. అది కానివాళ్లకు ఈ ఇంజెక్షన్ ఇస్తే లాభం లేకపోగా మెదడులో రక్తస్రావం కావచ్చు. తేడా చెప్పేది ఈసీజీ. చిన్న ఆసుపత్రిలో ఈసీజీ యంత్రం ఉన్నా, దాన్ని ధైర్యంగా చదివి ఇంజెక్షన్ ఇవ్వమని చెప్పే గుండె నిపుణుడు ఉండడు. అందువల్ల రోగిని అంబులెన్స్ ఎక్కించి గంటల ప్రయాణం చేయించేవారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు ఇప్పుడు ఈ చిన్న ఆసుపత్రులను గుండె నిపుణులున్న పెద్దాసుపత్రులతో కలుపుతున్నాయి. ఇక్కడ ఈసీజీ తీయగానే అక్కడి డాక్టరు ఫోనులోకి చేరుతుంది. ఆయన గుండెపోటని తేల్చితే, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, ఎక్కడైనా రక్తస్రావం అయిందా, పెద్ద ఆపరేషన్ జరిగిందా అని అడిగి, అవేవీ లేకపోతే ఇంజెక్షన్ ఇవ్వమంటారు. వేల రూపాయల ఖరీదైన టెనెక్టెప్లేస్ అనే ఆ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇస్తారు. తర్వాత రోగిని యాంజియోగ్రామ్ చేసే ఆసుపత్రికి తరలిస్తారు. ఈ వరుసలో ఇంటర్నెట్ చేసే పని కొద్ది సెకన్లదే. ఈసీజీ తీగలు సరైన చోట అంటించే టెక్నీషియన్, ఫ్రిజ్‌లోనో బీరువాలోనో సిద్ధంగా ఉన్న మందు, గుమ్మం ముందు అంబులెన్స్ లేకపోతే ఆ సెకన్లు ఎందుకూ కొరగావు.

కంటి ఫొటో

పంపి చూపించుకునే పద్ధతికి కంటివైద్యం చక్కగా కుదిరింది. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో విజన్ సెంటర్లను నడుపుతోంది. ఒక్కో సెంటరు సుమారు 50 వేల జనాభాకు ఉద్దేశించింది. అందులో ఉండేది డాక్టరు కాదు, స్థానికంగా ఎంపికచేసి శిక్షణ ఇచ్చిన టెక్నీషియన్. చూపు పరీక్షించి అద్దాలు ఇవ్వడం అక్కడే అయిపోతుంది. అనుమానం ఉన్న కళ్లను పెద్ద కేంద్రంలోని డాక్టరుకు చూపించి, అవసరమైనవాళ్లనే పంపిస్తారు.

షుగరు వల్ల రెటీనా దెబ్బతినే జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. చూపు మసకబారిందని రోగి వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లందరికీ ఏటా రెటీనా ఫొటో తీసి చూడటమే మార్గం. అంతమందిని కంటి నిపుణులు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడటం అయ్యే పని కాదు. ఫొటో తీయడానికి టెక్నీషియన్ చాలు. ఆ ఫొటోల్లో రక్తపు చుక్కలు, కొవ్వు మచ్చలు గుర్తించడం కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా నేర్చుకున్నాయి. అయితే తుది మాట డాక్టరుదే.

మాటే పరీక్ష అయిన చోట

మానసిక వైద్యంలో డాక్టరు ముఖ్యంగా చేసేది వినడం. అందుకే ఫోను మీద దాని నాణ్యత పెద్దగా తగ్గదు. పైగా మనస్తత్వ నిపుణుడి గది ముందు కూర్చుంటే ఎవరైనా చూస్తారన్న భయం ఉండదు. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, కేంద్రం టెలి-మానస్ ఫోను సేవను ప్రారంభించింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు. అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి పంపుతారు.

ఇక మూడో రకం, ఇంట్లోనే కనిపెట్టి ఉండే పద్ధతిని తెలుగు ఇళ్లు కరోనా కాలంలో నేర్చుకున్నాయి. వేలికి తగిలించుకునే పల్స్ ఆక్సిమీటర్ చూసి 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పడం అప్పట్లో పిల్లలకూ తెలిసిపోయింది. గోళ్ల రంగు ఉన్నా, చేతులు చల్లబడి ఉన్నా అంకె తప్పు వస్తుందన్నదీ అప్పుడే చాలామందికి అనుభవమైంది. ఇంటి బీపీ మిషన్‌కూ అంతే. మెట్లెక్కి వచ్చి వెంటనే చూసుకున్న బీపీ, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూసుకున్న బీపీ ఒకటి కావు. తప్పు అంకె పంపితే తప్పు మందు తిరిగి వస్తుంది.

తెర మీద తేలనివి

కడుపునొప్పికి డాక్టరు పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూస్తారు. ఎక్కడ నొప్పి పుడుతోంది, పొట్ట గట్టిపడిందా, చెయ్యి తీసేటప్పుడు నొప్పి పెరుగుతోందా అన్నదాన్ని బట్టి మామూలు అజీర్తికీ అపెండిసైటిస్‌కూ తేడా పట్టుకుంటారు. వీడియోలో అది సాధ్యం కాదు. పసిపిల్లల ఆయాసం, గర్భిణికి రక్తస్రావం లేదా ఫిట్స్, మూతి వంకరపోవడం, ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోవడం, పాముకాటు, పురుగుమందు తాగడం, తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పడం వంటివి వీడియో వరుసలో టోకెన్ తీసుకుని కూర్చోవాల్సినవి కావు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఇలాంటి స్థితిలో ఫోను మీదున్న డాక్టరు చేయవలసింది ప్రథమ చికిత్స చెప్పి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి పంపడమేనని నిబంధనలు కూడా అంటున్నాయి.

చట్టం ఏమంటుంది

దేశంలో టెలిమెడిసిన్‌కు స్పష్టమైన నిబంధనలు 2020 మార్చి 25న వచ్చాయి. వాటి ప్రకారం మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు ఎవరైనా వీడియో, ఫోను, చాటింగ్ ద్వారా వైద్యం చేయవచ్చు. ఏ పద్ధతి సరిపోతుందో, నేరుగా రమ్మనాలో నిర్ణయించే అధికారం డాక్టరుదే. రోగే ఫోను చేస్తే వైద్యానికి ఒప్పుకున్నట్టు లెక్క. ఆరోగ్య కార్యకర్త లేదా ఇతరులు కలిపితే రోగి అంగీకారాన్ని నమోదు చేయాలి. రోగికి 16 ఏళ్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. కంప్యూటర్ ప్రోగ్రాములు డాక్టరుకు సాయపడవచ్చు, సొంతంగా రోగికి మందు రాయకూడదు.

మందులను కూడా వర్గాలు చేశారు. పారాసెటమాల్, ఓఆర్ఎస్ వంటివి ఏ పద్ధతిలో మాట్లాడినా రాయవచ్చు. కొన్నింటిని మొదటిసారి అయితే వీడియోలో చూశాకే రాయాలి. ఇంకొన్నింటిని ఇంతకుముందు అదే జబ్బుకు నేరుగా చూసిన రోగికే, అదనంగా రాయవచ్చు. మత్తు పదార్థాల చట్టం కిందికి, గట్టి ఆంక్షలున్న షెడ్యూల్ ఎక్స్ కిందికి వచ్చే మందులు సాధారణంగా రాయకూడదు. చీటీ మీద డాక్టరు పేరు, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేని మందుల చీటీని అనుమానించాల్సిందే.

ఈ నిబంధనలు దేశం దాటి జరిగే వైద్యానికి వర్తించవు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉండే ఇళ్లకు ఇది తెలియాల్సిన సంగతి. అక్కడి పిల్లలు ఇక్కడి డాక్టరుకు అమ్మానాన్నలను వీడియోలో చూపించడంలో ఇబ్బంది లేదు, తామూ అదే కాల్‌లో కూర్చోవచ్చు. అమెరికాలో ఉన్న రోగికి ఇక్కడి డాక్టరు మందు రాయడం వేరే విషయం. అక్కడ రోగి ఏ రాష్ట్రంలో ఉంటే సాధారణంగా ఆ రాష్ట్రపు లైసెన్సు డాక్టరుకు ఉండాలి. ఇక్కడి చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు.

చిక్కులు, జాగ్రత్తలు

నెట్‌వర్క్ మొదటి అడ్డంకి. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. వీడియో ఆగిపోతుంటే మాట మీదికి మారడం, ఫొటోలు పంపడం మంచిది. రెండోది ఏకాంతం. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోను కొడుకుదో భర్తదో అయి ఉంటుంది. ఆడవాళ్లు నెలసరి ఇబ్బందుల గురించి, ఇంట్లో కొట్లాటల గురించి వాళ్ల ఎదుట నోరు విప్పలేరు. మూడోది మోసం. ఇంటర్నెట్‌లో ఆసుపత్రి పేరు వెతికితే దొంగ నంబర్లు తగులుతాయి. అపాయింట్‌మెంట్ కోసం పది రూపాయలు కట్టండంటూ లింకు పంపి ఖాతా ఖాళీచేస్తారు. నంబరును ఆసుపత్రి చీటీ మీద చూసి తీసుకోవాలి. తెలియని యాప్ ఫైలు తెరవకూడదు, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

వీడియో కాల్‌కు ముందు కొద్దిపాటి సిద్ధపాటు చాలా ఉపయోగపడుతుంది. వాడుతున్న మందులన్నీ, నాటుమందులతో సహా, ముందు పెట్టుకోవాలి. బాధ ఎప్పుడు మొదలైంది, ఏంచేస్తే పెరుగుతోంది, ఏంచేస్తే తగ్గుతోంది అన్నది కాగితం మీద రాసుకోవాలి. ఏ మందు పడదో చెప్పాలి. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోవాలి, కిటికీ వెనక ఉంటే డాక్టరుకు ముఖం నల్లగా కనిపిస్తుంది. చర్మం మీది మచ్చను పగటి వెలుగులో, ఒకటి దగ్గర్నుంచి, ఒకటి దూరం నుంచి ఫొటో తీసి ముందే పంపాలి. కాల్ ముగించే ముందు మందు ఎన్ని రోజులు, ఎప్పటికి తగ్గాలి, తగ్గకపోతే ఎక్కడికి వెళ్లాలి అని అడగాలి.

ఆఖరి ప్రశ్నే ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. సంప్రదింపుల లెక్క కోట్లలో ఉండటం సేవ ఎంతమందికి చేరిందో చెబుతుందిగానీ ఎంతమందికి నయమైందో చెప్పదు. డాక్టరు రాసిన మాత్ర ఆ క్లినిక్‌లో దొరికిందా, పెద్దాసుపత్రికి వెళ్లమన్న రోగి వెళ్లాడా, వెళ్తే అక్కడ అతని వివరాలు కనిపించాయా, ఆరు నెలల తర్వాత అతని షుగరు తగ్గిందా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. ఇందుకోసమే 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ప్రతి మనిషికీ 14 అంకెల ఆభా నంబరు ఇచ్చి, వైద్య వివరాలను ఒకచోట నుంచి ఇంకోచోటికి అందేలా చేసే పని మొదలైంది. పల్లె క్లినిక్‌లో నర్సు ఉద్యోగం ఖాళీ లేకుండా చూడటం, ఆమె అలమరాలో మందులు నిండుకోకుండా చూడటం అంతకంటే పాత పనులు. తెర అవతల ఎంత గొప్ప నిపుణుడున్నా, ఈ రెండూ జరగని ఊళ్లో రోగి చేతికి మిగిలేది సలహా మాత్రమే.